పట్టుకు పిన్ను గుచ్చరు

ధర్మవరం,
3 జూలై 2024.

పద్మజకు మీ వదిన రామాంజినమ్మ దీవించి రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం. వాన లేదు. నువ్వూ, మా తమ్ముడు వీరేషూ బాగున్నారనుకుంటాను. బాగా లేకపోయినా జవాబులో మొదటి పేజీ అంతా మోకాళ్ళ నొప్పితో నింపవద్దు. రెండో పేజీలో రాయి.

ఫోన్ ఉండగా ఉత్తరాలేమిటని వీరేష్ నవ్వుతాడు. మా వీధిలో తెల్లవారింది మొదలు మగ్గాల చప్పుడని వాడికి చెప్పు. ఫోన్‌లో నువ్వు చెప్పేది నాకు వినపడదు, నేను అరిచేది వీధంతా వింటుంది. మగ్గాలు ఆగే వేళకు మీరు నిద్రపోయి ఉంటారు. కాగితం మీదైతే నీకూ నాకూ మధ్య ఉంటుంది.

ఇక పని సంగతి. మొన్న ఎండాకాలం బెంగళూరు నుంచి జాయ్ మేడం అని ఒకామె వచ్చింది. అక్కడ బట్టల మ్యూజియం పెట్టారట. రాజుల కాలం అంగీల నుంచి ఈ కాలం ఫ్యాషన్ల దాకా అన్నీ ఉంటాయట. ధర్మవరానికి ఒక గది ఇస్తున్నాం, పాత చీర ఉంటే ఇవ్వండి, నేసినవాళ్ళ పేరుతో సహా పెడతాం అన్నది. నా పెళ్ళి చీర ఇచ్చాను. మీ అన్న పెళ్ళికి ముందు నా కోసమని తన చేత్తో నేసింది. నెమలి రంగు, ఎర్ర అంచు. నువ్వు చూశావు.

ఆయన పోయి ఐదేళ్ళయింది. ఆయన నేసిన చీరలు ఎన్ని ఊళ్ళకు పోయాయో తెలియదు. ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు, అన్నిటి డబ్బాల మీదా అంగడి పేరే. ఒక్కచోటైనా ఆయన పేరు రాసి ఉండాలని నా కోరిక. ఇంకేమీ అడగను.

జాయ్ మేడం ఆయన పేరు అడిగింది. మొగుడి పేరు నోటితో ఎట్లా చెప్పేది? "ఓబన్న, పట్టు నేత, ధర్మవరం" అని చీటీ రాసి పిన్నుతో గుచ్చి ఇచ్చాను. చీరను పద్ధతి ప్రకారం ఉతికి ఉతికి మెత్తబడిన నూలుగుడ్డలో చుట్టాను.

గది తెరిచామని ఇప్పుడు కార్డు వచ్చింది. నువ్వు పోయి చూసి రా. చీర ఎట్లా నిలబెట్టారో, కొంగు ముందుకు వేశారో లేదో, ఆయన పేరు ఎంత లావు అక్షరాలతో రాశారో అన్నీ రాయి. వీరేష్‌ను తీసుకుపోవద్దు, టికెట్టు పారేసుకుంటాడు.

మీ వదిన,
రామాంజినమ్మ


బెంగళూరు,
15 జూలై 2024.

వదినకు పద్మజ నమస్కారాలు.

మోకాళ్ళ సంగతి రెండో పేజీలో రాస్తాను.

శనివారం పోయి వచ్చాను. చాలా పెద్ద కట్టడం. ఎక్కడ చూసినా తలలు లేని బొమ్మలకు బట్టలు తొడిగి నిలబెట్టారు. రాజుగారి కోటు వేసుకున్న బొమ్మకూ తల లేదు. ఎందుకు లేదని అడిగితే, చూసేవాళ్ళ చూపు ముఖం మీదికి పోకుండా బట్ట మీదే ఉండాలట. దొరసానులు నడుము సన్నగా కనపడాలని లోపల బిగించుకునే జాకెట్టు ఒకటి ఉంది. దానికి లోపల ఇనుప పుల్లలు, వెనక తాళ్ళు. మన మగ్గానికి కూడా అన్ని తాళ్ళు ఉండవు.

ఈ కాలం ఫ్యాషన్ల గదిలో మోకాళ్ళ దగ్గర చినిగిన ప్యాంటు పెట్టారు. కింద కుట్టినాయన పేరు, దేశం పేరు ఉన్నాయి. వీరేష్‌కు అట్లాంటివి రెండు ఉన్నాయి. పెయింట్ పనికి వేసుకుంటాడు.

ధర్మవరం గది చివర ఉంది. నువ్వు పంపిన బట్ట పెట్టారు వదినా. గది మధ్యలో పెద్ద అద్దాల పెట్టె, పైనుంచి లైట్లు. అందరూ ఆగి చూస్తున్నారు. కాలేజీ పిల్లలైతే నిలబడి రాసుకుంటున్నారు. అన్న పేరు కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ ఉంది. నా వేలంత అక్షరాలు. తప్పు లేకుండా రాశారు.

కొంగు ముందుకు వేశారా అని అడిగావు. ముందుకు లేదు.

ఫోటోలు తీయనివ్వరు. ఒకందుకు అదే మంచిది.

ఇక మోకాళ్ళు. మెట్లు ఎక్కుతుంటే ఎడమది పట్టేస్తోంది, దిగుతుంటే కుడిది. డాక్టరు మెట్లు మానేయమన్నాడు. మాది మూడో అంతస్తు అని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి అదే మందు మళ్ళీ రాశాడు.

నీ
పద్మజ


ధర్మవరం,
21 జూలై 2024.

పద్మజకు,

నీ ఉత్తరం అందింది. చదివాక అన్నం తినాలనిపించలేదు. ఆకలి లేక కాదు, కడుపు నిండిపోయింది.

వీధిలో అందరికీ చదివి వినిపించాను. మోకాళ్ళ పేజీ చదవలేదు. హలీమాబీ, అదే తోపుడు బండి మీద నైటీలు, జాకెట్టు గుడ్డలు అమ్మే హలీమాబీ, బండి ఆపి మరీ విన్నది. "ఓబన్నన్న పేరు ఏలంత లావుండాదా? నేను సూడాల్సిందే," అన్నది. ఈరప్ప సంగతి నీకు తెలుసు. వీధిలో పెళ్ళికైనా పంచాయితీకైనా ఆయన మీసం ముందు వస్తుంది, ఆయన వెనక వస్తాడు. నీ ఉత్తరం తీసుకుని తానూ ఒకసారి చదివి, "ఇది ఓబన్న ఒక్కని పేరు కాదప్పా, మన వీది పేరు. అందరం పోదాం. బండి నేను మాట్లాడతా," అన్నాడు.

ఆడవాళ్ళంతా పట్టుచీరలు బయటికి తీశారు. నేసేవాళ్ళమే అయినా మాకు కట్టుకునే పని ఎప్పుడు పడింది కనుక.

కొంగు ముందుకు లేదన్నావు. పోనీలే, వచ్చినప్పుడు నేనే సరిచేసి చూపిస్తాను. అంచుకు మీ అన్న గోపురాలు వేశాడు, అవి కనపడుతున్నాయా? లైటు ఏ రంగు? పచ్చ లైటు వేస్తే నెమలి రంగు చచ్చిపోతుంది, ఆ మాట జాయ్ మేడంతో చెప్పు.

మబ్బులు రోజూ వస్తున్నాయి. ఊరు చూసి పోతున్నాయి. శనక్కాయ వేసినవాళ్ళు ఆకాశం వైపు చూడటం మానేశారు.

రామాంజినమ్మ


బెంగళూరు,
28 జూలై 2024.

వదినా,

ఇంతమంది ఎందుకు? అంత దూరం. నేల నున్నగా ఉంది, జారితే ఎవరు జవాబుదారీ? లోపల ఏసీ ఎక్కువ, ఈరప్పన్నకు ఆయాసం ఉంది కదా. టిఫిన్ క్యారియర్లు లోపలికి రానివ్వరు. బాత్రూములు ఎక్కడో చివర ఉన్నాయి.

కావాలంటే నువ్వొక్కదానివే ముందు రా. మనం ఇద్దరం పోయి చూద్దాం. తర్వాత వాళ్ళ సంగతి ఆలోచించవచ్చు. గదిలో ఏవైనా మార్పులు కూడా చేస్తారేమో. మ్యూజియంలో ఏదీ ఒకేచోట ఉండదు.

గోపురాలు నాకు కనపడలేదు. లైటు తెల్లది.

పద్మజ


ధర్మవరం,
4 ఆగస్టు 2024.

పద్మజకు,

నాకు అర్థమైంది. బండెడు మందికి కాఫీ పెట్టాల్సి వస్తుందని నీ భయం. నువ్వేమీ పెట్టవద్దు. చిత్రాన్నం మేమే కట్టుకుని వస్తాం, బయట చెట్టు కింద కూర్చుని తింటాం, మీ మూడో అంతస్తు ఎక్కం.

ఇంకో మాట కూడా అర్థమైంది. నీ పెళ్ళి చీర అంగడిలో కొన్నది. దాన్ని మ్యూజియం వాళ్ళెవరూ వచ్చి అడగలేదు. మనసులో ఉంటుంది, మనిషివే కదా. నేనేమీ అనుకోలేదు. అనుకున్నదే రాస్తున్నాను.

అరచేయంత లావు అంచులో గోపురాలు కనపడలేదంటే కళ్ళు చూపించుకో. మోకాళ్ళ డాక్టరు కాకుండా వేరే ఆయనకు.

ఆదివారం, పద్దెనిమిదో తేదీ వస్తున్నాం. బండి ఖాయమైంది. హలీమాబీ బుర్ఖాకు కొత్త గుండీలు కుట్టుకున్నది.

రామాంజినమ్మ


బెంగళూరు,
8 ఆగస్టు 2024.

వదినా,

నువ్వు తిట్టావని కాదు, ఇక దాచి లాభం లేదని రాస్తున్నాను. కూర్చుని చదువు.

కొంగు ముందుకు లేదని రాశాను. వెనక్కూ లేదు. అసలు కొంగే లేదు. పెట్టెలో ఉన్నది నైటీ.

లేత నీలం మీద పసుపు పూలు, జేబు దగ్గర అతుకు. నువ్వు చీరను చుట్టి పంపిన గుడ్డ అదేననుకుంటాను. దాన్ని ఇస్త్రీ చేసి తల లేని బొమ్మకు తొడిగారు. భుజం మీద ఒక తువ్వాలు కూడా వేశారు. తువ్వాలు వాళ్ళది.

చీర ఆ గదిలో లేదు. మూలమూలా వెతికాను.

ఇంకా ఉంది. బోర్డు మీద ఇట్లా రాశారు: "నేత పని దుస్తులు. నూలు. ధరించినవారు: ఓబన్న, పట్టు నేత కార్మికుడు, ధర్మవరం." దాని కింద, ఆడ బట్ట మగ బట్ట అన్న తేడాను మీ ప్రాంతపు నేతగాళ్ళు ఎప్పుడో దాటేశారని నాలుగు మంచి ముక్కలు రాశారు. కాలేజీ పిల్లలు రాసుకుంటున్నది అదే. ఒక పిల్ల నన్ను చూసి, ఎంత ధైర్యమండీ ఈయనది అన్నది. అవునమ్మా అన్నాను. అన్న, ఆయన తెల్ల లుంగీ, గంజి పెట్టిన చొక్కా కళ్ళ ముందు ఆడి అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాను.

నీకు ఎట్లా చెప్పేది? అన్న పేరు చూడాలని నువ్వు అంత ఆశగా రాశావు. పేరు ఉంది కదా అని ఉన్నంతవరకు రాశాను. రాసినదాంట్లో అబద్ధం లేదు, కానీ మోసం ఉంది. నన్ను క్షమించు. బండి ఆపించు.

పద్మజ


ధర్మవరం,
11 ఆగస్టు 2024.

పద్మజకు,

చీర పెట్టనందుకు బాధగా ఉంది. నైటీ పెట్టినందుకు కూడా బాధగానే ఉంది. అవి రెండూ నేను ఓర్చుకుంటాను.

ఆయన వేసుకున్నాడని వాళ్ళతో ఎవరు చెప్పారు?

ఆ ఎండాకాలం, ఆయన మంచం మీద ఉన్నప్పుడు, మా ఇంట్లో వచ్చి ఉన్నది నువ్వొక్కదానివే. నువ్వు ఏం చూశావో, ఎవరితో ఏమన్నావో నిజం రాయి.

రామాంజినమ్మ


బెంగళూరు,
14 ఆగస్టు 2024.

వదినా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. అన్న నైటీ వేసుకున్నాడని నేనెందుకు చెబుతాను? అట్లాంటి అబద్ధం పుట్టించి నాకేం ఒరుగుతుంది? అన్న నన్ను సొంత చెల్లెలి కంటే ఎక్కువగా చూసుకున్నాడు. నువ్వు కూడా నన్ను ఇంత తక్కువగా అనుకున్నావంటే తప్పు ఎక్కడో నాలోనే ఉండాలి.

మళ్ళీ మ్యూజియంకు పోయి జాయ్ మేడంను పట్టుకున్నాను. విషయం ఇదీ. మూటలు విప్పినప్పుడు ఆమె ఊళ్ళో లేదట. కింద పనిచేసే పిల్లలు విప్పారట. నువ్వు చీటీని దేనికి గుచ్చావు? నైటీకి. పట్టుకు పిన్ను గుచ్చరని మనలో చంటిపిల్లకు కూడా తెలుసు. చీటీ దేనికి గుచ్చి ఉంటే దానిదేనని వాళ్ళు అనుకున్నారు. పట్టు నేసే మనిషి పేరు నూలు బట్టకు ఉంది కాబట్టి నేసింది కాదు, వేసుకున్నదేనని తేల్చారు. అందుకే నైటీకి పేరు వచ్చింది, చీర పేరు లేనిదైంది.

చీర క్షేమంగా ఉందట. మడతల దగ్గర జరీ విరిగిందట, నిలబెడితే చినుగుతుందట. చీకటి గదిలో పరిచి పెట్టారు. వచ్చే ఏడాది దాకా విశ్రాంతి అన్నది. చీర విశ్రాంతిలో ఉంది, నైటీ డ్యూటీలో ఉంది, నేనేం చేసేది.

జాయ్ మేడం చాలా బాధపడింది. నువ్వు ఒక్క మాట అంటే బోర్డు, నైటీ రెండూ తీసేస్తానంది. కానీ తీసేస్తే అన్న పేరు కూడా పోతుంది. చీర లేచేదాకా ఆ కట్టడంలో ఎక్కడా ఆయన పేరు ఉండదు. ఉంచితే పేరు ఉంటుంది, కానీ ఇట్లా ఉంటుంది. నాకు తేల్చుకోవడం రాలేదు. నువ్వే చెప్పాలి.

ఈ ఉత్తరం అందేసరికి మీరు బయలుదేరుతూ ఉంటారేమో. వస్తే నేను గేటు దగ్గర ఉంటాను.

పద్మజ


ధర్మవరం,
22 ఆగస్టు 2024.

పద్మజకు,

ఆదివారం నువ్వు నా పక్కన ఉండాల్సిన సమయంలో వీరేష్ టికెట్టు వెతకడానికి గేటు దగ్గరకు పోయావు. వాణ్ణి తీసుకురావద్దని ముందే రాశాను. తిరిగి బండి ఎక్కేటప్పుడు లోపల ఏం జరిగిందని అడిగావు. అంతమందిలో నీకు చెప్పాలనిపించలేదు. నిన్ను అనరాని మాట అన్నాను, దానికి జవాబు విడిగా చెప్పాలి.

నీ ఉత్తరం శనివారమే అందింది. బండి ఆపలేదు. ఏమని చెప్పి ఆపేది? దారి పొడుగునా కిటికీకి తల ఆనించి కూర్చున్నాను. కళ్ళు తిరుగుతున్నాయేమోనని ఎవరో నిమ్మకాయ ఇచ్చారు.

అందరూ పట్టుచీరల్లో పోయి నైటీ ముందు నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు. హలీమాబీ అద్దానికి ముక్కు ఆనించి చూసి, "ఇది నా బండి మింద కొనిందే. జేబుకాడ అతుకు నేనే ఏసినా. ఈడికెట్ల వచ్చె ఇది?" అన్నది. ఈరప్పకు కన్నడం వచ్చు కదా, బోర్డు గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. ధరించినవారు అన్నచోట గొంతు తగ్గింది. చదవడం అయిపోయాక మీసం మీద చెయ్యి వేసి, "ఆడోళ్ళ గుడ్డకి ఓబన్న పేరు పెట్టినారు. మగోని పరువు తీసినారు. నిలబడినకాడే తీపీయల్ల," అన్నాడు. జాయ్ మేడం అప్పటికే వచ్చి నా పక్కన నిలబడింది. చేతిలో స్క్రూడ్రైవరు ఉంది. తీసేయమంటారా అమ్మా అని అడిగింది.

ఇప్పుడు నీకు చెప్పాల్సింది చెబుతాను. ఆయనకు ఆపరేషన్ అయ్యాక లుంగీ ముడి సరిగ్గా కుట్ల మీద పడేది. ప్యాంటు మాట సరేసరి. మంచం మీద ఉంటే ఎట్లాగో గడిచేది. కానీ మగ్గం మీద పడుగు సగంలో ఉంది, దాన్ని అట్లా వదిలి ఆయన పడుకోలేడు. ఒకరోజు ఆ బాధ చూడలేక నా నైటీ తెచ్చి తొడిగాను. తిట్టాడు. సాయంత్రానికి తిట్టడం ఆపి, "దీంట్లో గాలి బాగాడతాదే. ఇన్నేండ్లు మాకు సెప్పకుండా మీరే ఏసుకుంటాండారు," అన్నాడు. దాంతోనే మగ్గం గుంతలో కూర్చుని ఆ పడుగు పూర్తి చేశాడు. నేను వీధి తలుపు దగ్గరికేసి బయట అరుగు మీద కాపలా కూర్చునేదాన్ని. ఎవరైనా వస్తే పడుకున్నాడని చెప్పేదాన్ని, లోపల మగ్గం ఆడుతూ ఉండేది. వచ్చినవాళ్ళు తలూపి పోయేవాళ్ళు, ఆ చప్పుడు పక్కింటి మగ్గానిదని అనుకునేవాళ్ళేమో.

నువ్వు చూడడానికి వచ్చినప్పుడు ఆయన మెడ దాకా దుప్పటి కప్పుకున్నాడు. ఇంత ఎండలో దుప్పటి ఏమిటి, మనిషిని ఉడకబెడతావా అని నన్ను కోప్పడ్డావు. దుప్పటి కింద అదే నైటీ. ఎవరికీ చెప్పవద్దని ఆయన నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. అందుకే బోర్డు సంగతి నువ్వు రాయగానే, దుప్పటి తొలగినప్పుడు నువ్వు చూసి ఉంటావని అనుకున్నాను. నువ్వు చూడలేదు, చెప్పలేదు. నిన్ను అన్నందుకు నాకు సిగ్గుగా ఉంది. నా మాటలు మనసులో పెట్టుకోవద్దు.

ఆయన పోయాక ఆ నైటీని మళ్ళీ వేసుకోలేకపోయాను. పారేయనూ లేకపోయాను. చీర ఇచ్చేటప్పుడు చూస్తే ఇంట్లో దానికంటే మెత్తటి గుడ్డ లేదు.

జాయ్ మేడం స్క్రూడ్రైవరు పట్టుకుని నా ముఖం వైపు చూస్తోంది. ఈరప్ప ఆమె వైపు చూస్తున్నాడు. తీయమంటే ఆయన పేరు పోతుంది. ఉంచమంటే ఆయనకు ఇచ్చిన మాట పోతుంది. పేరు వదులుకోవడం నావల్ల కాలేదు పద్మజా. అందరి ముందూ అన్నాను: "తీయొద్దు మేడం. రాసింది నిజమే. మా ఇంటాయప్ప ఏసుకున్నాడు. బాగలేనప్పుడు దాంతోనే మగ్గం మింద కూచున్నాడు."

పైనుంచి ఆయన విన్నాడేమో, కోప్పడతాడేమో అనిపించింది. ఏడుపు వచ్చింది, ఏడ్చాను. ఎవరో కొంగు అందించారు. పట్టు కొంగు, కన్నీళ్ళు దానికి అంటలేదు. హలీమాబీ మాత్రం అద్దం దగ్గర నుంచి కదలలేదు. "అన్న పని సేసింది నా గుడ్డతోనా," అని మెల్లగా అనుకున్నది. జాయ్ మేడం స్క్రూడ్రైవరు సంచిలో వేసుకున్నది. చీర లేచినాక దానికీ ఆయన పేరే పెడతానని నా చేతులు పట్టుకుని చెప్పింది. కింద రాసిన నాలుగు మంచి ముక్కలు మాత్రం తీసేయమన్నాను. ఆయన ఏ తేడానూ దాటలేదు, కుట్లు లాగుతున్నాయని వేసుకున్నాడు.

ఈరప్ప ముఖం తిప్పుకుని బయటికి నడిచాడు. చెట్టు కింద చిత్రాన్నం కూడా సరిగ్గా తినలేదు. వీధిలో ఇక ఏమంటాడోనని నాకు గుబులుగానే ఉంది. చిక్కబళ్ళాపురం దాటాక ముందు సీటులోంచి లేచి, కడ్డీలు పట్టుకుంటూ వెనక్కి వచ్చి, హలీమాబీ పక్కన వంగి నిలబడ్డాడు. నేను ఆమె పక్క సీటులోనే కళ్ళు మూసుకుని ఉన్నాను. నిద్రపోతున్నాననుకున్నాడు. వచ్చే నెల హెర్నియా ఆపరేషన్ పెట్టుకున్నాడట, ఇంట్లో తప్ప ఎవరికీ తెలియదట. పొడుగు మనిషికి సరిపోయేది దొరుకుతుందా, పూలు లేకుండా, అని అడిగాడు.

హలీమాబీ ఆయనను పైనుంచి కింది దాకా ఒకసారి చూసింది. దొరుకుతుంది గానీ పూలు ఉంటాయని చెప్పింది.

మీ వదిన,
రామాంజినమ్మ